జూలైలో చూస్తాం

2022 జనవరి 24న కొలంబియా సైకిలు పందెగాడు ఎగాన్ బెర్నాల్ ఆగి ఉన్న బస్సును వెనక నుంచి గుద్దుకున్నాడన్న వార్త మా అబ్బాయే చదివి చెప్పాడు. అప్పటికి వాడికి పద్నాలుగేళ్ళు. పర్లాకిమిడిలో సైకిలు పందేలు చూసే పిల్లలు ఎందరుంటారో గాని, మా ఇంట్లో ఒకడున్నాడు. వాడి వల్ల నేనూ ప్రతి జూలైలో ఫోను ముందు కూర్చుని, ఆల్ప్స్ కొండలు ఎక్కేవాళ్ళను చూడడం నేర్చుకున్నాను. ఆ జూలై పందెమే టూర్ ద ఫ్రాన్స్, మూడు వారాలు సాగుతుంది. 2019లో ఇరవై రెండేళ్ళకే దాన్ని గెలిచిన బెర్నాల్ అంటే వాడికి ప్రాణం. అంతకు ముందు కొలంబియా నుంచి ఎవరూ ఆ పందెం గెలవలేదు.

ప్రమాదం జరిగింది బొగోటాకు దగ్గర్లోని గచాన్సిపాలో. టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే పందెం, దాని సైకిలు మీద మోచేతులు ముందుకు చాపి, తల దించి తొక్కుతారు. గాలి తక్కువ తగులుతుంది, దారీ తక్కువ కనబడుతుంది. ఆ భంగిమలో, గంటకు దాదాపు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి గుద్దుకున్నాడు. ఇరవై వరకూ ఎముకలు విరిగాయి. తొడ ఎముక, మోకాలి చిప్ప, పక్కటెముకలు, వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. కాళ్ళు చచ్చుబడే ప్రమాదం 95 శాతం ఉండిందని తర్వాత అతడే చెప్పుకున్నాడు.

ఆ రాత్రి మావాడు అన్నం ముట్టలేదు. మర్నాడు ఒక చార్టు తెచ్చి, టూర్‌లో ముందున్నవాడు తొడిగే పసుపు రంగు చొక్కా బొమ్మ వేసి, కింద పెద్ద అక్షరాలతో ‘త్వరగా లే ఎగాన్, జూలైలో చూస్తాం’ అని రాశాడు. రంగులు వెయ్యడానికి నేనూ కూర్చున్నాను. నడవా పక్క గదిలో, మంచానికి ఎదురుగోడకు అంటించాం. అది ప్రేమ కాదని ఇప్పుడూ అనను.

పదకొండు నెలల తర్వాత అదే మంచం మీద నేను పడుకున్నాను.

డిసెంబరులో, కుప్పనూర్పుల రోజుల్లో, బడి నుంచి సైకిలు మీద వస్తున్నాను. చీకటి పడుతోంది. కల్వర్టు దగ్గర గడ్డి నింపుకున్న ట్రాక్టరు తొట్టి ఆగి ఉంది, వెనక దీపం లేదు. ఎదురుగా వచ్చే లారీ వెలుతురు కళ్ళలో పడింది. తొట్టి కనబడి పక్కకు తిప్పేసరికి సైకిలుతో సహా కల్వర్టు మీంచి కింద రాళ్ళలో పడ్డాను. కుడి తొడ ఉండవలసిన తీరులో లేదు. నొప్పి కంటే ముందు అదే చూశాను. ఆ రాత్రే విశాఖపట్నం తీసుకెళ్ళారు. తొడ ఎముక లోపల పొడవాటి రాడ్డు దించి, పైనా కిందా మరలు బిగించారు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు, నేను నిద్రలో ఉన్నాను. అసలు కష్టం ఇంటికి వచ్చాక. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని తొడతో కిందికి నొక్కి పది లెక్కపెట్టాలి. పసిపిల్లలు చేసే పని! నొక్కమని నేను ఎంత చెప్పినా తొడ వినలేదు. నాలుగు రోజులు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అయిదో రోజు చర్మం కింద కండ చిన్నగా అదిరింది. ఇంటికి వచ్చి వ్యాయామం చేయించే ఒడియా అమ్మాయి నాకంటే ముందే చూసి చప్పట్లు కొట్టింది. ఆమె ఎప్పుడూ ‘ఇంకా’ అనేది కాదు. ‘ధీరే అపా, ధీరే’ అనేది, నెమ్మదిగా అక్కా అని. ఆ అమ్మాయికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

మిగిలినవాళ్ళందరూ గడువులు తెచ్చారు. ‘సంక్రాంతికి లేచి తిరుగుతారు టీచరుగారూ’, ‘పరీక్షల నాటికి వచ్చేస్తారుగా’. రాడ్డు వేయించుకున్నాక కూడా పుత్తూరు కట్టు కట్టించమన్నవాళ్ళు ఉన్నారు. మా అత్తగారు మాత్రం ఏమీ అడగకుండా చోడి అంబలి, నల్లేరు పచ్చడి తెచ్చి పెట్టేవారు. నల్లేరు ఎముకను అతికిస్తుందో లేదో గాని, ఆవిడ పక్కన కూర్చునే పద్ధతి నాకు పనిచేసింది. వచ్చినవాళ్ళు వెళ్ళాక ఎదురుగోడ మీద ఆ చార్టు ఉండేది. ‘జూలైలో చూస్తాం.’ రోజంతా దాన్ని చూస్తుంటే, ఆ మాట ఎంత బరువో తెలిసింది. గాయపడ్డవాడికి మన దిగులు తీర్చే పని కూడా అప్పగించాం.

జనవరి చివర తీసిన ఎక్స్‌రేలో ఎముక అనుకున్నంత అతుక్కోలేదన్నారు. వాకరు పట్టుకున్నా కాలి మీద ఇంకా పూర్తి బరువు వెయ్యొద్దన్నారు. సరిగ్గా ఆ వారమే అర్జెంటీనాలో సాన్ హువాన్ పందెం నుంచి బెర్నాల్ మోకాలి నొప్పితో తప్పుకున్నాడు. 2022 ఆగస్టులోనే డెన్మార్క్‌లో మళ్ళీ పందెం మొదలుపెట్టినవాడు, అయిదు నెలల తర్వాత ఇలా. ‘ఇంక అతని పని అయిపోయిందంటున్నారమ్మా’ అన్నాడు మావాడు. నాకు ఏడుపు ఆగలేదు. వాడు నా వంక చూశాడు, చార్టు వంక చూశాడు. పెన్ను తెచ్చి ‘త్వరగా’ అన్న మాటనూ ‘జూలైలో’ అన్న మాటనూ కొట్టేశాడు. ‘లే ఎగాన్, చూస్తాం’ అన్నంతవరకు మిగిలింది. వాడికి ఎవరూ చెప్పలేదు.

2023 టూర్‌లో బెర్నాల్ 36వ స్థానంలో నిలిచాడు. ఒకప్పుడు గెలిచినవాడికి అదొక స్థానమా అని మావాడి స్నేహితులు బాధపడ్డారు. అప్పటికి నేను చేతికర్రతో వంటింటి నుంచి వీధి అరుగు దాకా నడుస్తున్నాను. మూడు వారాలు, అన్ని కొండలు, మధ్యలో దిగిపోకుండా చివరిదాకా! నాకు మాత్రం ఆ 36 అన్న అంకె అతని 2019 విజయం కంటే పెద్దదిగా కనబడింది. ఇప్పటికీ అంతే.

సైకిలు ఎక్కడానికి నాకు మరో ఏడాది పట్టింది. ఇప్పుడు వెనక ఎర్రదీపం లేకుండా కదలను. ఆ కల్వర్టు దగ్గర దిగి నడుస్తాను.

2025 సెప్టెంబరు 9న స్పెయిన్‌లో జరిగే మూడు వారాల పందెంలో పదహారో దశను, అంటే పదహారో రోజు పందాన్ని, నిరసనల వల్ల ముగింపు గీతకు ఎనిమిది కిలోమీటర్ల ముందే ముగించారు. ఆ దశ బెర్నాల్ గెలిచాడు. విశాఖలో చదువుకుంటున్న మావాడు ఫోను చేసి మాట్లాడలేక ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. దసరాకు గుణుపురం రైలు దిగి వచ్చినప్పుడు ముందు ఆ గదిలోకే వెళ్ళాడు. చార్టు మీద ఆ తారీఖు రాయనా అని అడిగాడు. వద్దన్నాను. ఊడిపోతున్న మూలకు కొత్త టేపు అంటించి, భోజనానికి వచ్చాడు.