6 ఎందుకు రాలేదు?

డిగ్రీ పిల్లలకు గ్రూప్ థియరీ చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ ఒకటే బెంగ. సబ్‌గ్రూప్ (గ్రూప్ లోపలి చిన్న గ్రూప్) ఆర్డర్, అంటే అందులోని మూలకాల సంఖ్య, గ్రూప్ ఆర్డర్‌ని భాగిస్తుందనే లెగ్రాంజ్ సిద్ధాంతం రుజువు గడగడా రాసేస్తారు. దాని కన్వర్స్, అంటే భాగించే ప్రతి సంఖ్యకీ ఒక సబ్‌గ్రూప్ ఉంటుందన్నది, నిజం కాదంటే మాత్రం "సరే మేడమ్" అని నోట్సులో దించుకుంటారు. ఎందుకు కాదని అడిగేవాళ్లే ఉండరు.

అందుకే ఇప్పుడు ఆ పాఠాన్ని సేజ్‌మ్యాత్ (సేజ్) అనే ఉచిత గణిత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెడుతున్నాను. సేజ్‌సెల్ అనే వెబ్ పేజీ చాలు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. మా పిల్లల్లో చాలామందికి లాప్‌టాప్ లేదు, ఫోన్లోనే తెరుస్తారు. ఫోన్లో బ్రాకెట్లు కొట్టడం విసుగు కాబట్టి కమాండ్ నేనే వాట్సాప్‌లో పెడతాను. నాలుగు అంకెల ఆల్టర్నేటింగ్ గ్రూప్‌కి, అంటే వాటి సరి పెర్ముటేషన్ల (వరుస మార్పుల) గ్రూప్‌కి, ఉన్న సబ్‌గ్రూపులన్నిటి ఆర్డర్లూ చూపించమని ఒక్క లైను. వరుసలో పెడితే వచ్చేవి ఇవి: 1, 2, 2, 2, 3, 3, 3, 3, 4, 12.

గ్రూప్ ఆర్డర్ 12. దాన్ని భాగించే సంఖ్యల్లో 6 ఒక్కటే అక్కడ లేదు. "మేడమ్, 6 ఎందుకు రాలేదు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడే చాక్‌పీస్ అందుకుంటాను. ఆరు మూలకాల సబ్‌గ్రూప్ ఉందనుకుందాం. అది గ్రూప్‌లో సగం, అంటే ఇండెక్స్ 2, కాబట్టి అది నార్మల్: దానితో గ్రూప్‌ని భాగిస్తే రెండు మూలకాల గ్రూప్ వస్తుంది. అలాంటప్పుడు గ్రూప్‌లోని ప్రతి మూలకం వర్గమూ అందులోనే ఉండాలి. ప్రతి 3-సైకిలూ (మూడు అంకెలను చక్రంలా తిప్పే పెర్ముటేషన్) దాని ఇన్వర్స్‌కి వర్గమే. 3-సైకిళ్లు మొత్తం 8. ఆరింటికే చోటున్నప్పుడు ఎనిమిది ఎలా పడతాయి? ఏటా చెప్పే రుజువే ఇది. ఇప్పుడు చెవులు రిక్కించి వింటున్నారు.

ఒక అబ్బాయి ఇంకో అడుగు ముందుకు వెళ్లాడు. "అది అన్నీ వెతికిందని నమ్మకం ఏంటి మేడమ్?" నాకు ఎంత సంతోషం వేసిందో! సేజ్‌లో ఫంక్షన్ పేరు చివర రెండు ప్రశ్నార్థకాలు పెట్టి రన్ చేస్తే దాని కోడ్ కనిపిస్తుంది. చూస్తే, సేజ్ ఆ పనిని గ్యాప్ అనే మరో సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తోంది. గ్యాప్ 1986లో జర్మనీలోని ఆహెన్‌లో గ్రూపుల లెక్కల కోసమే మొదలైంది. దాని కోడూ తెరిచే ఉంటుంది. 2005లో గణితవేత్త విలియం స్టైన్ సేజ్ మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న దారే ఇది: గ్యాప్, మాక్సిమా, పారీ లాంటి గణిత సాఫ్ట్‌వేర్లను మళ్లీ రాయకుండా పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో కలపడం.

లైసెన్సు ఖర్చు లేకపోవడం మంచిదే. నాకు అంతకంటే ముఖ్యం, పిల్లలు లోపలికి తొంగి చూడగలగడం. రుజువు అడగమని నేర్పే క్లాసులో, ఎలా వచ్చిందో చూపించని జవాబును నమ్మమని ఎలా చెప్పను?

అయితే లిస్టునే రుజువు అనుకునే ప్రమాదమూ ఉంది. n²+n+41లో 0 నుంచి 39 దాకా వేస్తే అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇక ఎప్పుడూ అంతే అని క్లాసంతా ఒప్పేసుకుంది. 40 వేస్తే 41 వర్గం వచ్చింది.

అందుకే అసైన్‌మెంట్‌లో సేజ్ జవాబు అతికిస్తే సగం మార్కులే. ఈసారి ఎస్4, అంటే నాలుగు అంకెల పెర్ముటేషన్లన్నిటి గ్రూప్, ఇచ్చాను. దానికి 30 సబ్‌గ్రూపులు, 24ని భాగించే ఏ సంఖ్యా తప్పిపోదు. ఒక్కో ఆర్డర్‌కీ ఒక సబ్‌గ్రూప్‌ని చేత్తో కట్టి, అది సబ్‌గ్రూపే అని చూపించాలి.