యంత్రం కన్నా ముందు పరీక్ష: మా అపార్టుమెంటు నీళ్ల విషయంలో నా అనుభవం

హైదరాబాదులో కూకట్‌పల్లికి ఆవల, ఒకప్పటి పొలాల మీద లేచిన కాలనీల్లో మా అపార్టుమెంటు ఒకటి. మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అవి చాలవు కనుక బోరు నీళ్లను కూడా అదే సంపులోకి వదిలి, రెంటినీ కలిపి పైట్యాంకుకు ఎక్కించేవారు. సబ్బు నురగ రాకపోవడం, కుళాయిల మూతికి తెల్లటి గార కట్టడం, కుక్కరు ఎన్ని కూతలు వేసినా కందిపప్పు పలుకుగానే మిగలడం మాకు అలవాటైపోయాయి. మా గీజరు మరోసారి పాడైనప్పుడు మేస్త్రీ కాయిలును బయటికి లాగి చూపించాడు. లోహం కనిపించకుండా చుట్టూ సున్నపు పెచ్చు కట్టి ఉంది. దాని మీద కాస్త వెనిగర్ వేస్తే బుసబుసా పొంగింది.

ఈ సంగతి సంఘం సమావేశంలో ప్రస్తావనకు రాగానే యంత్రాలు అమ్మేవారు రావడం మొదలైంది. వారిలో ఒకాయన రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, లోహపు కడ్డీలున్న పరికరాన్ని వాటిలో ముంచి కరెంటు పెట్టారు. ఆర్ఓ యంత్రం వడకట్టిన నీళ్లు తేటగానే ఉన్నాయి, మా కుళాయి నీళ్లలో మాత్రం చూస్తుండగానే గోధుమరంగు తెట్టు తేలింది. చంటిపిల్లల తల్లులు హడలిపోయారు. నిజానికి ఆ తెట్టు నీటిలోని మురికి కాదు, కరెంటు పారినప్పుడు కరిగిన ఇనుప కడ్డీ తాలూకు తుప్పు. లవణాలు దాదాపు లేని ఆర్ఓ నీటిలో కరెంటు సరిగా పారదు కనుక అక్కడ ఏమీ కనిపించదు. ఈ విషయం అందరికీ విడమరచి చెప్పి, ముందు పరీక్ష, ఆ తర్వాతే యంత్రం అని పట్టుబట్టాను. తాగే నీళ్ల పేరిట తల్లులను భయపెట్టి సరుకు అమ్మడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

"ఇన్నేళ్లూ ఇవే నీళ్లు తాగాం కదమ్మా, ఇప్పుడీ ఖర్చెందుకు?" అని పై అంతస్తు పెద్దాయన అడిగారు. "ఏ నీళ్లలో ఏముందో తెలియకుండా కొంటేనే ఖర్చెక్కువ అవుతుంది బాబాయిగారూ" అన్నాను. చాలామంది దగ్గర టీడీఎస్ మీటర్లు ఉన్నాయి. అవి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తాయే తప్ప, అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతో చెప్పవు, సూక్ష్మజీవుల సంగతి అసలే చెప్పవు. అందుకని గుర్తింపు ఉన్న ల్యాబుకు మూడు చోట్ల నీళ్లు విడివిడిగా పంపాం: మున్సిపల్ పైపు నుంచి నేరుగా పట్టినవి, బోరువి, సంపులో కలిసినవి. కుళాయిని కొంతసేపు వదిలేశాక పట్టాలి. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రం ల్యాబువారే ఇచ్చిన శుద్ధిచేసిన సీసాలో పట్టి, ఐసులో పెట్టి, అదే రోజు అందజేయాలి. కఠినత్వం, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియంల మోతాదు, చూసే పరీక్షను నన్ను దగ్గరుండి చూడనిచ్చారు. రంగు కలిపిన ఎర్రటి ద్రావణంలోకి, ఆ రెంటినీ పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనాన్ని చుక్కచుక్కగా వదులుతూ ఉంటే, ఒక్క చుక్కతో అది నీలంగా మారిపోయింది. అప్పటివరకు ఎంత ఈడీటీఏ పట్టిందో దాన్నిబట్టి లెక్క కడతారు.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీటిలో మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మా మున్సిపల్ నీళ్లు మొదటి హద్దులోపే ఉన్నాయి. గ్రానైటు రాతి పగుళ్లలో నిలిచి ఖనిజాలను కరిగించుకున్న బోరు నీళ్లు మాత్రం ఆ హద్దును బాగా దాటాయి. అయితే నన్ను కలవరపెట్టినది కఠినత్వం కాదు. 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ ఉండకూడని, నీళ్లు కలుషితమయ్యాయనడానికి గుర్తుగా చూసే కోలిఫాం బ్యాక్టీరియా సంపు నీళ్లలో కనిపించింది. పైపు నుంచి వచ్చేటప్పుడు ఉన్న క్లోరిన్ సంపులోకి చేరాక జాడ లేదు. సంపు మూత పార్కింగులో నేలమట్టానికే ఉండటంతో కార్లు కడిగిన నీళ్లు, వాన నీళ్లు అంచుల సందుల్లోంచి లోపలికి దిగుతున్నాయి. కఠినజలం గీజర్లను, గొట్టాలను పాడుచేస్తుంది కానీ, పిల్లలకు విరేచనాలు పట్టించేది ఇలాంటి కాలుష్యమే.

ఆ నివేదిక చూశాక ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు. సంపు చుట్టూ గట్టు కట్టి మూత ఎత్తు పెంచాం, లోపల కడిగించి బ్లీచింగ్ పౌడరుతో శుద్ధి చేయించాం. ఆ సంపును మున్సిపల్ నీళ్లకే కేటాయించి, డాబా మీద వేరే ట్యాంకు పెట్టి, అక్కడి నుంచి ప్రతి వంటింటికీ విడిగా ఒక పైపు దింపించాం. అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది ఈ పైపుల పనే. ఒక్కో ఇంటివారినీ ఒప్పించి గోడకు రంధ్రం వేయించాల్సి వచ్చింది. బోరు నీళ్లు వేరే ట్యాంకులో నిలిచి, కఠినత్వం తగ్గించే సాఫ్ట్‌నర్ అనే యంత్రం గుండా స్నానాలకు, బట్టలకు వెళుతున్నాయి. సాఫ్ట్‌నర్‌లోని రెజిన్ అనే పూసల్లాంటి పదార్థం కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియంను వదులుతుంది కనుక, ఆ నీళ్లు తాగవద్దని, ముఖ్యంగా రక్తపోటు ఉన్నవారు జాగ్రత్తపడాలని నోటీసు బోర్డులో రాశాం. రెజిన్‌ను ఉప్పు నీటితో కడిగినప్పుడు వచ్చే వ్యర్థజలం ఇంకుడు గుంతలోకి పోతే బోరు ఇంకా ఉప్పగా మారుతుంది, అందుకే దాన్ని డ్రైనేజీకి కలిపించాం.

రెండోసారి పరీక్షలో సంపు నీళ్లలో కోలిఫాం లేదు. కఠినత్వం చూసే చుక్కల కిట్టు ఒకటి వాచ్‌మన్ గదిలో పెట్టాం. చుక్కలు వేశాక సాఫ్ట్‌నర్ నీటి రంగు నీలానికి తిరగకుండా ఎర్రగా ఉందంటే రెజిన్‌కు ఉప్పు వేసే వేళ అయిందని అతనే గుర్తించి చెబుతున్నాడు. వానాకాలం తర్వాత మూడు చోట్లా మళ్లీ నీళ్లు పట్టి పంపాలని సమావేశంలో తీర్మానించాం.