మూడు స్తంభాల దూరం

మా కర్రన్న తండ్రి లాబ్రడార్, తల్లి హనుమకొండ వీధుల్లో పెరిగిన కుక్క. బరువు 34 కిలోలు. ఇంట్లో పిల్లలు చెవులు పట్టుకొని లాగినా కిమ్మనని స్వభావం. అయితే మెడలో బెల్టు, దానికి తాడు పడి, గేటు దాటిన తరువాత మరో కుక్క కంటబడిందంటే చాలు, ముందరి కాళ్లు పైకి లేపి, గొంతు బొంగురుపోయేలా అరుస్తూ నన్ను ఈడ్చుకుపోయేవాడు. ఒకనాడు మా గల్లీ చివరనున్న చాయ్ కొట్టు ముందు నేను బోర్లా పడి, తాడు ఒరుసుకొని కుడి అరచేతి తోలు లేచిపోయింది. మా అమ్మ పసుపు అద్దుతూ, "నువ్వు కుక్కను తిప్పుతున్నవా బిడ్డా, కుక్క నిన్ను తిప్పుతున్నదా?" అని అడిగింది. జవాబు ఆమెకే కాదు, ఆ పూట చాయ్ తాగడానికి వచ్చిన వాళ్లందరికీ తెలుసు.

ఆ తరువాత నేను చేసిన పని మరీ పెద్ద తప్పు. కుక్కలకు తర్ఫీదునిస్తానన్న ఒకాయన మాట విని, గుంజితే మెడకు బిగుసుకునే ఇనుప గొలుసు కొన్నాను. వారం తిరిగేసరికి అరుపు తగ్గినందుకు సంతోషించాను కూడా. మూడో వారంలో కర్రన్న గుర్రుమనైనా అనకుండా పక్క సందులోని గోధుమరంగు కుక్క మీదికి ఒక్కసారిగా దూకాడు. ఆలోచిస్తే వాడి లెక్క వాడికి సరిగ్గానే ఉంది: ఎదుట కుక్క కనబడిన ప్రతిసారీ మెడ నొస్తున్నది కాబట్టి, ఆ నొప్పికి కారణం ఎదుటి కుక్కేనని వాడు తేల్చుకున్నాడు. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దండించి దాన్ని మాన్పిస్తే హెచ్చరిక పోతుంది కానీ భయం అలాగే మిగిలిపోతుంది. గొలుసును పాత ఇనుప సామాన్ల వాడికి ఇచ్చి అరకిలో ఉల్లిగడ్డలు తీసుకున్నాను. పశువైద్యునికి చూపించినప్పుడు ఎడమ చెవిలో చీము బయటపడింది. నొప్పితో ఉన్న కుక్కకు ఓపిక నేర్పబోవడం ఎంత అన్యాయమో అప్పుడు గాని నాకు తట్టలేదు.

చెవి మానిన తరువాత, రొమ్ము దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్, అంటే మెడకు బదులు ఒంటికి తొడిగే పట్టీల జోడు, తెచ్చాను. కుక్క ముందుకు గుంజినప్పుడు ఆ కొక్కెం దాని రొమ్మును పక్కకు తిప్పుతుంది కాబట్టి ఒంటి బలమంతా తిన్నగా మన భుజం మీద పడదు. హార్నెస్ తనంతట తాను ఏమీ నేర్పదు, నేర్పేదాకా మనిషి కింద పడకుండా కాపాడుతుంది, అంతే. తాడు రెండు మీటర్లది చాలు. దానంతట అది సాగి, మీట నొక్కితే ఆగే చుట్ట తాడు ఇలాంటి కుక్కకు పనికిరాదు, ఎందుకంటే గుంజితే దూరం దొరుకుతుందన్న పాఠమే అది రోజూ చెబుతుంది. ఆ రోజుల్లో మా అబ్బాయి ఫోనులో తీసిన ఒక వీడియోను నాలుగైదు సార్లు చూసిన తరువాత నా చేతి తప్పు నాకు కనబడింది. దూరాన కుక్క కనబడగానే నేను తాడును పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుంటున్నాను. తాడు బిగుసుకోగానే కర్రన్న తలెత్తి వెతుకుతున్నాడు. అంటే శత్రువు వస్తున్నాడన్న కబురు వాడికి నా చేతి నుంచే ముందుగా అందుతున్నది. అప్పటి నుంచి తాడును నాభి దగ్గర రెండు చేతులతో పట్టుకొని, మధ్యలో ఊయలలా వేలాడేంత వదులు ఉంచుతున్నాను. వాడు గుంజితే నిలబడతాను, వదులు చేస్తే నడుస్తాను.

అసలు వైద్యం దూరంలో ఉంది. మా గల్లీలో కరెంటు స్తంభానికీ స్తంభానికీ మధ్య నావి 40 అంగలు. ఎదుటి కుక్క మూడు స్తంభాల అవతల ఉంటే కర్రన్న చూసి, మళ్లీ నా వైపు తిరిగేవాడు. రెండు స్తంభాలకు వచ్చేసరికి నోరు మూసుకొని, తోక కర్రలా నిలిపి, ఇచ్చిన ముక్కను నా వేళ్లు కొరికేంత ఆత్రంగా లాక్కునేవాడు. ఒక్క స్తంభం దగ్గర ఉడికించిన కోడి కార్జం ముక్కు ముందు పెట్టినా వాడికి కనబడేది కాదు. తిండి కూడా పట్టని స్థితిలో ఉన్న జీవికి ఏ పాఠమూ ఎక్కదు. కాబట్టి మూడు స్తంభాల దగ్గరే మొదలుపెట్టాను: కుక్క కనబడుతుంది, కర్రన్న చూస్తాడు, చూసిన తరువాత శనగగింజంత కార్జం ముక్క నోట్లో పడుతుంది. ఈ వరుస తప్పకూడదు. జీర్ణక్రియ మీద చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ తన కుక్కల లాలాజలంలో గమనించినది కూడా ముందు సంకేతం, తరువాత తిండి అన్న ఈ వరుసనే. నేను మొదట్లో కార్జం ముందుగా చూపించి వాడి దృష్టి మళ్లించబోయాను. నాలుగు రోజులకే నా చేయి జేబులోకి పోగానే వాడు కుక్క కోసం నలుదిక్కులా వెతకడం మొదలుపెట్టాడు.

విదేశీ వీడియోల్లో ఎదుటి కుక్క కూడా తాడుతోనే వస్తుంది. మన దగ్గర అది గుంపుగా వస్తుంది, దానికి తాడూ లేదు, యజమానీ లేడు. పైగా ఎండాకాలంలో తారు రోడ్డు మీద అరచేయి వెనుకవైపు ఐదారు సెకన్లు ఆనించలేనంత వేడి ఉన్నప్పుడు కుక్కను నడిపించకూడదు కాబట్టి తెల్లవారుజామున ఐదింటికే బయలుదేరాలి, సరిగ్గా ఆ వేళకు గల్లీలన్నీ వీధి కుక్కల రాజ్యం. అయితే పదిహేను రోజులు మేడ మీద నిలబడి చూసిన తరువాత వాటికీ సరిహద్దులున్నాయని తెలిసింది. చాయ్ కొట్టు గుంపు ట్రాన్స్‌ఫార్మర్ పక్క స్తంభం దాటి రాదు; ఆ స్తంభం మొదట్లో రెండు గుంపులూ కాలెత్తి తమ హద్దును రోజూ ఖాయం చేసుకుంటాయి. నేను అంగలతో కొలుస్తున్న స్తంభాలతోనే అవి కూడా ఊరిని కొలుచుకుంటున్నాయన్న మాట! ఆ హద్దుల వెంట దారి వేసుకొని వడ్డేపల్లి చెరువు కట్టకు చేరుకుంటే అక్కడ చూపు చాలా దూరం పారుతుంది, వెనక్కి తిరగడానికి వ్యవధి ఉంటుంది. సందులో ఎదురుపడితే మాత్రం పరుగెత్తకుండా, వాడిని నా వెనక్కి తీసుకొని, ఉన్న ముక్కలన్నీ ఎదుటి కుక్కల వైపు చల్లి తిరిగి వచ్చేస్తాను. రేబిస్ టీకా గడువు తప్పనివ్వను.

పోట్లాట జరిగిన రోజున ఒంట్లో పుట్టిన ఉద్రేకం అంత తొందరగా దిగదు, ఆ మరునాడు చిన్న శబ్దానికే ఉలిక్కిపడతాడు. అందుకని ఆ రోజు బయటికి తీసుకెళ్లకుండా, పాత గోనె సంచి మడతల్లో ఉడికించిన గుడ్డు ముక్కలు దాచి పెడతాను. అరగంట వాసన పట్టి వెతికితే గంట నడిచినంత అలసిపోతాడు.

ఏడు నెలలు గడిచాయి. ఇప్పుడు కర్రన్నకు ఒక్క స్తంభం దూరం చాలు. కట్ట మీద మేకలు పక్క నుంచి పోయినా తాడు వదులుగానే ఉంటున్నది. ఆ గోధుమరంగు కుక్క ఒక్కదానికి మాత్రం ఇంకా రెండు స్తంభాలు కావాలి. నిన్న దాన్ని చూసి ఒకసారి గుర్రుమన్నాడు. నేను పది అంగలు వెనక్కి వేశాను, వాడూ వేశాడు.