సూది వేసిన రోజు పాలు పోయని ఇల్లు

విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే దారిలో, మూడు గేదెలున్న ఒక ఇంట్లో మాకు పాలు వాడుక. వీధి చివర ప్యాకెట్ దొరుకుతుంటే అంత దూరం ఎందుకని మా ఆడపడుచు అడుగుతుంది. రుచి కోసమే అనుకుంటుంది. అదీ నిజమే. ప్యాకెట్‌లో వచ్చే టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, గేదె పాలలో 6, 7 శాతం దాకా ఉంటుంది. పెరుగు గట్టిగా తోడుకుంటుంది. అయినా నన్ను అక్కడికి రప్పించేది ఆ ఇంటి పిన్ని పాలు తీసే పద్ధతి.

ముందు దూడను విడుస్తుంది. అది పొదుగును కుమ్మి కాస్త తాగాక గేదె చేపుతుంది. దూడను గుంజకు కట్టి, పొదుగు కడిగి, తొలి ధారలు విడిగా ఒక గిన్నెలో పిండి వెలుగులో చూస్తుంది. చన్ను కొనన ఉన్న మురికి వాటితో పోతుంది. పాలలో తరకలు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టే. చివర్న ఒక చన్ను దూడకే వదిలేస్తుంది. "దాని నోరు కట్టీసి మనం తాగితే ఏటి బావుంటాదమ్మా" అంటుంది.

మొన్న వానల్లో పెద్ద గేదెకు ఆ పొదుగువాపే వచ్చింది. నేను క్యాన్ పట్టుకుని వెళ్తే గుమ్మంలోనే చెప్పేసింది: "సూదేసినారమ్మా. డాక్టరు బాబు సెప్పినదాకా దీని పాలు పొయ్యను." పాల కేంద్రానికీ పోయలేదు, పారబోసింది. మందు పాలలోకి దిగుతుందని ఆవిడకు తెలుసు. ఎంత నష్టమో కూడా తెలుసు. తౌడు, నూనెగింజల చెక్క ఖర్చు ఆ రోజుల్లో ఆగదు కదా! నెలాఖరున డబ్బు తగ్గించుకోమంది. నేను ఒప్పుకోలేదు.

ఇంత నమ్మకమున్నా పచ్చి పాలు మాత్రం మా ఇంట్లో ఎవరూ తాగరు, పిల్లలు అసలే తాగరు. పైకి ఆరోగ్యంగా కనిపించే పశువు పాలలోనూ బ్రూసెల్లా క్రిమి ఉండొచ్చు. మనిషికి సోకితే వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులతో నెలల తరబడి పీడిస్తుంది. పెయ్యదూడలకు 4 నుంచి 8 నెలల వయసులో దీనికి టీకా వేస్తారు. పిన్ని తన పెయ్యకు వేయించింది. అయినా ఇంటికి రాగానే వడగట్టి, పొంగు వచ్చాక మంట తగ్గించి, కలుపుతూ ఇంకాసేపు మరగనిస్తాను. ఎండాకాలంలో ఆలస్యమైతే పాలు విరిగిపోతాయి కాబట్టి దారిలో ఎక్కడా ఆగను.

ఇప్పుడు ఒక గేదె వట్టిపోయింది. మాకు సగం పాలే వస్తున్నాయి. మిగతా సగానికి ప్యాకెట్ కొంటున్నాం, వాడుక మాత్రం మార్చలేదు.