రివీల్ జేఎస్ స్లైడ్లు: ఈ వారమంతా బ్యాక్‌గ్రౌండ్ల మీదే

ప్రెజెంటేషన్ స్లైడ్లను హెచ్‌టీఎమ్‌ఎల్‌లో (వెబ్ పేజీలు రాసే భాషలో) రాసుకోవడం మొదలుపెట్టి మూడు వారాలైంది. వాడుతున్నది రివీల్ జేఎస్ (ఆ పేజీని బ్రౌజర్‌లో స్లైడ్లుగా చూపించే టూల్), అందులో వైట్ థీమ్ (తెల్ల నేపథ్యం మీద నల్ల అక్షరాలుండే రెడీమేడ్ రూపం).

ఇందులో ఒక్కో స్లైడ్‌ని ఒక సెక్షన్ ట్యాగ్‌లో రాస్తాం. మొదట ఆ ట్యాగ్‌కి సీఎస్ఎస్‌లో (పేజీ రంగులు, రూపం చెప్పే కోడ్‌లో) నేరుగా రంగు ఇచ్చాను. రంగు పడింది గానీ స్క్రీన్ నిండలేదు. అక్షరాల వెనక పెట్టెలా ఆగిపోయింది, చుట్టూ తెల్లటి అంచు. బ్రౌజర్ ఇన్‌స్పెక్టర్ తెరిచి చూశాక విషయం తెలిసింది. స్లైడ్‌లో మనం రాసేదంతా ఒక చట్రంలో ఉంటుంది. దాని కొలత మనం మార్చకపోతే 960 బై 700 పిక్సెల్స్. బ్యాక్‌గ్రౌండ్లు మాత్రం దాని వెనక, స్క్రీన్ అంతటా పరుచుకున్న వేరే పొరలో ఉంటాయి. ఆ పొరకు రంగు వెయ్యాలంటే సెక్షన్ ట్యాగ్‌లోనే డేటా-బ్యాక్‌గ్రౌండ్-కలర్ అని రాయాలి. రాయగానే అంచులు పోయాయి.

అసలు చిక్కు ఫొటోతో వచ్చింది. రాత్రి ఆకాశం ఫొటో ఒకటి డేటా-బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్‌గా పెట్టాను. నల్లటి ఆకాశం మీద నల్లటి అక్షరాలు, ఒక్క ముక్క చదవలేకపోయాను. ముదురు రంగు ఇచ్చినప్పుడు అక్షరాలు వాటంతటవే తెల్లబడ్డాయి, మరి ఇక్కడెందుకు కాలేదు? దీని మీద రెండు సాయంత్రాలు పోయాయి. రివీల్ చూసేది మనమిచ్చిన రంగునే. అది ముదురైతే సెక్షన్‌కి హ్యాజ్-డార్క్-బ్యాక్‌గ్రౌండ్ అనే క్లాస్ (సీఎస్ఎస్ గుర్తుపట్టే పేరు) తగిలిస్తుంది, దాన్ని బట్టి థీమ్ అక్షరాలను తెల్లగా మారుస్తుంది. ఫొటో ముదురో లేతో అది చూడదు. అందుకని అదే సెక్షన్‌కి ముదురు నీలం కూడా ఇచ్చాను. అక్షరాలు తెల్లబడ్డాయి. పైగా డేటా-బ్యాక్‌గ్రౌండ్-ఓపాసిటీ (ఫొటో ఎంత గాఢంగా కనిపించాలో చెప్పే అంకె, 1 అంటే పూర్తిగా) 0.4 చేస్తే ఫొటో వెనక నుంచి ఆ నీలం పైకి తేలింది. నక్షత్రాలు కనిపిస్తూనే ఉన్నాయి, శీర్షిక హాయిగా చదవగలుగుతున్నాను. ఈ వారం నాకు బాగా నచ్చిన స్లైడ్ ఇదే.

ఇంకో చిన్న సంగతి: వరుసగా రెండు స్లైడ్లకు అచ్చంగా ఒకే బ్యాక్‌గ్రౌండ్ ఇస్తే మధ్యలో అది కదలదు, పైన మాటలు మాత్రమే మారతాయి. ఒకే ఫొటో మీద మూడు అంశాలు చెప్పడానికి ఇది చాలా బాగుంది.

ఫాంట్లు, శీర్షికల రంగులు థీమ్ ఫైల్‌లో ముట్టుకోలేదు. సొంత సీఎస్ఎస్ ఫైల్‌ని థీమ్ తర్వాత లింక్ చేసి, అందులో సీఎస్ఎస్ వేరియబుల్స్ (థీమ్ వాడుకునే, పేరు పెట్టిన విలువలు) మార్చాను. ఇంగ్లీష్ శీర్షికలన్నీ క్యాపిటల్ అక్షరాల్లో రావడం నాకు మొదటినుంచీ నచ్చలేదు, అదీ ఒక్క వేరియబుల్‌తో పోయింది.

నిన్న పీడీఎఫ్ తీశాను. అడ్రస్ చివర ప్రింట్-పీడీఎఫ్ చేర్చి, క్రోమ్ ప్రింట్ సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ టిక్ పెట్టాలి. మొదటిసారి మర్చిపోతే నా ఆకాశం రాలేదు, తెల్ల కాగితం మీద తెల్ల శీర్షిక వచ్చింది. ఇక వీడియో బ్యాక్‌గ్రౌండ్ మిగిలింది. శబ్దం లేకుండా, లూప్‌లో పెట్టి వచ్చే వారం చూస్తాను.