మా ఇంటికి మేమే విజిటర్లం

సామాను మొత్తం చేరి పది రోజులైంది. ఇంకా పదకొండు ఆపిల్ పెట్టెలు విప్పకుండా హాల్లోనే ఉన్నాయి. అందులో ఒకదాని మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇది రాస్తున్నాను. కోపం చల్లారితే సగం మరిచిపోతాను, అందుకే ఈ తొందర.

తిరుపతి కొర్లగుంటలో ఇరవై రెండేళ్లు ఉన్న ఇల్లు వదిలి, ఊరి బయట ఒక చెరువు ఒడ్డున, చుట్టూ ప్రహరీ, ముందు పెద్ద గేటు ఉన్న విల్లాల్లోకి మారాం. ఆ విల్లాల పేరు రాయను. రాస్తే రేపటి నుంచి నా స్కూటరు గేటు దగ్గర ఇంకో అరగంట ఎక్కువ ఆగుతుంది.

అమ్మకు మొదటి నుంచీ ఇష్టం లేదు. "2021 నవంబరు మరిచిపోయినావా నాయనా?" అంటుంది. ఎట్లా మరిచిపోతాను? ఆ వానలకు తిరుపతి వీధులే ఏరులైనాయి. రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింద పల్లెలన్నీ ఖాళీ చేయించారు. "మనం కట్ట కింద కాదమ్మా, నీళ్లు నిలిచే వైపు ఉంటాం" అని చెప్పాను. "అయితే ఇంకా మేలు, ముందు మనమే మునుగుతాం" అంది.

ఈ విషయంలో మాత్రం నా భుజం నేనే తట్టుకుంటాను. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందేమో చూశాను. ఊరి భూముల లెక్క రాసే అడంగల్‌లో చెరువు పోరంబోకు, అంటే చెరువుకు చెందిన సర్కారు భూమి అని ఎక్కడైనా ఉందేమో వెతికాను. ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ ముప్పై ఏళ్లకు తీయించాను, పాత చేతుల నుంచి వచ్చిన లింకు డాక్యుమెంట్లు వరసగా పేర్చి చదివాను. ఎలక్ట్రికల్ షాపు నడిపేవాడికి ఇవన్నీ ఎందుకని నవ్వినవాళ్లున్నారు. నవ్వనీండి. అయితే అసలు సమాధానం ఈ కాగితాల్లో దొరకలేదు. సైటు ఆఫీసులో "నీళ్లు ఎంతవరకు వస్తాయి?" అని అడిగితే సూర్యాస్తమయం ఫోటో చూపించారు. ఆ పక్కనే మేకలు మేపుతున్న పెద్దాయన్ను అడిగితే చేత్తో చూపించాడు. "ఆ యేడు మొరవ పోయినప్పుడు ఆ తుమ్మచెట్టు కాడికొచ్చినాయి సామీ. ఈ బండ దాటలే." మొరవ పోవడమంటే చెరువు నిండి పొర్లడం. బండ నుంచి మా ప్రహరీ దాకా అడుగులు లెక్కపెట్టాను. నూట ముప్పై పైనే ఉంది, అదీ మిట్ట వైపు. అప్పుడే అడ్వాన్సు ఇచ్చాను. చెరువు పక్కన ఇల్లు కొనేవాళ్లు ఎండాకాలంలో చూసి మురిసిపోవద్దు. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, అప్పుడు పోయి చూడండి.

రిజిస్ట్రేషన్ ఒక పూటలో అయింది. కరెంటు మీటరు పేరు మార్పుకు ఒకసారి పోతే సరిపోయింది. ఆధార్‌లో అడ్రసు మా అబ్బాయి ఫోన్‌లోనే మార్చేశాడు. గ్యాస్ బండ కూడా పేచీ పెట్టలేదు.

పేచీ అంతా తేదీ దగ్గర మొదలైంది. మంగళవారం సామాను కదపకూడదు, శుక్రవారం ఇంట్లోంచి లక్ష్మి బయటికి పోకూడదు, ఇవి అమ్మ రూల్సు. ఆదివారం సామాను బండ్లు లోపలికి రాకూడదు, మిగతా రోజుల్లో పది నుంచి ఐదు దాకానే, ఇవి విల్లాల అసోసియేషన్ రూల్సు. ఆ మధ్యలోనే తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు. పంచమి తీర్థం నాడు పద్మసరోవరం చుట్టుపక్కల మనిషి కదలడమే కష్టం, ఇంక లారీ ఎక్కడ కదులుతుంది? టీటీడీ క్యాలెండరులో ఒక్కో గడి కొట్టేసుకుంటూ పోతే చివరికి ఒక గురువారం మిగిలింది. ఆ రోజు ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. సరే, పదింటికే దింపుడు మొదలుపెడదాం అనుకున్నాం. గృహప్రవేశం మాత్రం అంతకు నాలుగు రోజుల ముందు తెల్లవారుజామున 4.48కి. కార్తీకం మధ్యమమేగానీ మాఘం దాకా ఆగడానికి ఇంటి లోను ఆగదని అయ్యవారికి నచ్చజెప్పాను.

ఇక్కడి నుంచి చదివేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి.

నాలుగుంబావుకు గేటు దగ్గరికి చేరాం. సన్నగా తుంపర పడుతోంది. ముందు మా కారు, వెనక పుత్తూరు నుంచి వచ్చిన మా బావ కారు, మోటారు సైకిలు మీద అయ్యవారు, అన్నిటికీ వెనక టాటా ఏస్‌లో ఆవూ దూడా. అమ్మ ఒళ్లో తువ్వాలు చుట్టిన వెంకటేశ్వరస్వామి పటం, మా ఆవిడ చేతిలో పాలగిన్నె. గేటు కాపలా కుర్రాడు గొడుగు పట్టుకుని వచ్చి ట్యాబ్ ముందుకు పెట్టాడు.

"ఏ విల్లా సార్?"

చెప్పాను.

"ఎవర్ని కలవాల?"

"ఎవర్నీ కలవక్కర్లేదబ్బా. మా ఇల్లే. ఇవాళ గృహప్రవేశం."

వాడు ట్యాబ్‌లో ఏదో నొక్కాడు. "మీ పేరు లేదు సార్. ఓనర్‌కు రిక్వెస్టు పంపినా. ఆయన ఓకే అంటే పంపిస్తా."

"ఓనరు నేనే కదా!"

"అది నాకెట్లా తెలుస్తాది సార్. ఇందులో వేరే పేరు ఉండాది."

చూస్తే, మాకు విల్లా అమ్మిన కంపెనీలో పనిచేసిన కుర్రాడి పేరు. సైటు చూపించడానికి వచ్చేవాళ్లను లోపలికి పంపడానికి మా వరసలోని ఇళ్లన్నిటికీ ఓనరుగా వాడి ఫోన్ నంబరే పెట్టారట. రిజిస్ట్రేషన్ అయింది, తాళాలు ఇచ్చారు, మెయింటెనెన్సు ఆరు నెలలది ముందే కట్టించుకున్నారు, ముందు ముందు ఖర్చులకని కార్పస్ ఫండూ పుచ్చుకున్నారు. గేటు ట్యాబ్‌లో పేరు మార్చడం మాత్రం ఎవరికీ గుర్తురాలేదు. ఆ కుర్రాడు రెండు నెలల కిందే ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు అక్కడ దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు, నేను నా ఇంట్లోకి పోవచ్చో లేదో తేల్చాల్సిన మనిషి.

మేనేజరు ఫోన్ స్విచ్ ఆఫ్. అసోసియేషన్ సెక్రటరీ ఎత్తలేదు. ఇంతలో ట్యాబ్ టింగ్‌మంది. అందరం మెడలు చాచి చూశాం. ఎర్రటి అక్షరాల్లో "డినైడ్ బై ఓనర్".

మా బావ అద్దం దించి తల బయట పెట్టాడు. "ఏం బావా, ఏ లైన్లో ఉండాం? మూడొందల టికెట్టా, సర్వదర్శనమా?" వాళ్ల కారులో నవ్వులు. పదిహేనేళ్ల కింద ఆయన పుత్తూరులో ఇల్లు కట్టినప్పుడు మెట్లు వంకరగా ఉన్నాయని నేనన్న మాటకు ఇన్నాళ్లకు బదులు తీర్చుకున్నాడు. నవ్వలేక, కోప్పడలేక వైపర్లు ఆపి మళ్లీ వేశాను. అద్దంలో చూస్తే అమ్మ పటాన్ని ఇంకా గట్టిగా పట్టుకుని, "మన వీధిలో ఎవరు ఎవరింటికి పోవాలన్నా అడిగినవాళ్లు లేరు" అని తనలో తాను అనుకుంటోంది. షాపులో పదిమందికి జీతాలిచ్చేవాణ్ణి, ఎనభై ఏళ్ల తల్లిని సొంతింటి గేటు బయట తుంపరలో కూర్చోబెట్టాను. ఆ ఐదు నిమిషాలు ఎంత చిన్నతనంగా అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను.

ఎట్లాగో మా అబ్బాయి పాత వాట్సాప్ మెసేజీల్లో ఆ కుర్రాడి నంబరు పట్టాడు. నాలుగోసారికి ఎత్తాడు. "సారీ సార్, నిద్రమత్తులో ఎవరో అనుకుని నో నొక్కేసినా. మళ్లీ పంపమనండి." మళ్లీ పంపబోతే, ఒకసారి కాదన్న నంబరుకు పావుగంట దాకా కుదరదంది ట్యాబ్. అప్పటికి 4.36. చివరికి మా బావ నంబరు కొట్టారు. బెంగళూరు నుంచి అనుమతి వచ్చింది. చీటీలో ఏమని వచ్చిందంటే, గెస్టు మా బావ, వెంట నలుగురు. ఆ నలుగురిలో ఒకణ్ణి నేను.

గేటు లేచింది. కార్లు వెళ్లాయి. టాటా ఏస్ ముందు మళ్లీ దిగింది.

"పశువుల్ని వదలకూడదు సార్. రూల్సు పుస్తకంలో ఉండాది."

ఉంది నిజమే. ఇరవై రెండు పేజీల పుస్తకం ఇచ్చారు, నేనే చదవలేదు. కుక్కలకు ఫారం ఉంది, టీకా సర్టిఫికెట్ జత చేయాలి. ఆవుకు ఫారమే లేదు. ట్యాబ్‌లో ఉన్నవి నాలుగే గడులు: గెస్టు, డెలివరీ, క్యాబ్, సర్వీసు. కుర్రాడు ఆవు వైపు చూశాడు, ట్యాబ్ వైపు చూశాడు. వాడి తప్పేముంది పాపం, వాడి వేలికి ఆ నాలుగే తెలుసు.

అప్పుడు లోపలి గదిలోంచి ఇంకో కాపలాదారు వచ్చాడు. అరవై దాటిన మనిషి, పక్క పల్లెవాడు, తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. "ఆవు లేకుండా గృహప్రవేశమేందిరా?" అని కుర్రాణ్ణి కసిరి, ట్యాబ్ పక్కన పెట్టి, బల్ల సొరుగులోంచి పాత రిజిస్టరు తీశాడు. బాల్‌పెన్ను రెండుసార్లు విదిలించి రాశాడు. "పేరేంది?" అని ఆవు తోలుకొచ్చినాయన్ను అడిగితే, "నా పేరా, దాని పేరా?" అన్నాడాయన. "దాందే." "లక్ష్మి." రిజిస్టరులో ఆ లైను ఇప్పటికీ ఉంది, నేను ఫోటో తీసుకున్నాను: పేరు లక్ష్మి, ఎవరి కోసం విల్లా నంబరు, పని గృహప్రవేశం. వెహికిల్ నంబరు గడిలో అడ్డగీత. ప్లస్ ఒకటి అని దూడను కూడా కలిపాడు.

పాలు పొంగేసరికి నా ఫోన్‌లో 4.57. నేను అయ్యవారి మొహం చూశాను. ఆయన తన చేతి గడియారం చూసుకుని, "నా దాంట్లో 4.48 నాయనా" అన్నాడు. ఇంతకంటే మంచి మాట ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎవరూ చెప్పలేదు.

ఆవు వెళ్తూ వెళ్తూ క్లబ్‌హౌసు ముందు టైల్స్ మీద తన పని చేసుకుపోయింది. అమ్మ శుభమంది. తొమ్మిదింటికి ఫోన్‌కు మెసేజి వచ్చింది, పెట్ వేస్టు పెనాల్టీ ఐదొందలు. గమనించండి, జరిమానా వేయడానికి మాత్రం నా నంబరు వాళ్ల దగ్గర ఉంది.

కాబట్టి నా సలహా ఒక్కటే, మిగతావి ఎవరైనా చెప్తారు. గేటు ఉన్న చోట ఇల్లు కొంటే, తాళాలు తీసుకునే రోజే మీ పేరు గేటు ట్యాబ్‌లో ఎక్కించుకోండి. ఎక్కించామని వాళ్లంటే నమ్మొద్దు. బయటికి వచ్చి, నడుచుకుంటూ పోయి, లోపలికి రానిస్తారో లేదో మీరే చూసుకోండి. రాత్రిపూట కాపలాకు వేరే మనుషులు ఉంటారు, అప్పుడూ ఒకసారి పోయి చూడండి. ఇంకా, ట్యాబ్ పట్టుకున్న మనిషి కంటే రిజిస్టరు దాచిన మనిషితో ముందు స్నేహం చేసుకోండి.

గురువారం సామాను రావడం దీని ముందు పిల్లాట. పెద్ద లారీ లోపలి ఇంటర్‌లాక్ రోడ్డు మీదికి రాకూడదన్నారు, అంచేత గేటు బయట దింపి టాటా ఏస్‌లో మూడు ట్రిప్పులు వేయించాం. దానికి నాలుగు వేలు అదనం. ప్యాకర్లు మా రోలు చూసి మొహం చిట్లించారు, అమ్మ ఆవకాయ జాడీలు వాళ్ల చేతికివ్వకుండా ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఒక్కటీ పగల్లేదు. ప్యాకర్లు బబుల్ షీటు చుట్టి తెచ్చిన టీవీ మూల మాత్రం చిట్లింది. అసోసియేషన్ డిపాజిటు ఇరవై వేలలో మూడున్నర వేలు పట్టుకున్నారు, ఏదో అంచు రాయి పగిలిందని. అది మేం రాకముందే పగిలి ఉంది, దాని సందులో గడ్డి కూడా మొలిచింది. పగిలిన రాయిలో నాలుగు రోజుల్లో గడ్డి మొలుస్తుందా అని అడిగితే సెక్రటరీ నవ్వి ఊరుకున్నాడు. మీరు మాత్రం బండి రాకముందే రోడ్డు, అంచు రాళ్లు, గేటు స్తంభాలు అన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర నీళ్లే. తాగడానికి మాత్రం రోజూ ఇరవై లీటర్ల క్యాన్లు రెండు తెప్పించుకుంటున్నాం, ఇక్కడి బోరు నీళ్లు గిన్నెలకు తెల్లగా పడుతున్నాయి. అమ్మ పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని కొంగలు లెక్కపెడుతోంది. ఇష్టం లేదని మాత్రం ఇంకా అంటూనే ఉంది.

గేటు ట్యాబ్‌లో పేరు మార్చమని మూడుసార్లు మెయిలు పెట్టాను. "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. ఈరోజు పొద్దున ఆరుంబావుకు బెంగళూరు నుంచి ఫోన్. ఆ కుర్రాడే.

"సార్, గుడ్ మార్నింగ్. మీ క్యాన్ల మనిషి గేటు దగ్గర ఉండాడంట. పంపమంటారా?"