సగం బాబిన్

2023లో మా విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం అక్టోబరు 31న వచ్చింది. ఆ మంగళవారం మధ్యాహ్నం నుంచి జనమంతా మూడు లాంతర్ల కూడలి వైపు నడుస్తున్నారు. డప్పులు, పిల్లల బూరలు మా ఇంట్లోకి వినిపిస్తున్నాయి. నేను మాత్రం నేల మీద చాప వేసుకుని, మోకాళ్ల కింద రెండు తలగడలు పెట్టుకుని, పైకప్పు చూస్తూ పడుకున్నాను. నేను కుట్టిన బ్లౌజులు ముప్పైకి పైగా ఆ రోజు ఆ వీధుల్లో తిరుగుతున్నాయి. వాటిని కుట్టే నెలలోనే నా నడుము పోయింది.

నేను విజయనగరంలో లేడీస్ టైలర్‌ని. మా ఇంటి ముందు గదే షాపు. దసరా, ఆ తర్వాత సిరిమాను, కార్తీకమాసం పెళ్లిళ్లు, సంక్రాంతి, ఈ నాలుగు నెలలే మాకు పంట. సిరిమానుకి ఆడపిల్లలు అల్లుళ్లతో సహా పుట్టింటికి వస్తారు. ముందురోజు తొలేళ్ల రాత్రి దాకా "అక్కా, నాదయ్యిందా?" అంటూ గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. ఆ నెలంతా పొద్దున్న ఏడింటికి మెషిన్ దగ్గర కూర్చుంటే రాత్రి పన్నెండు. అన్నం కటింగ్ టేబుల్ పక్కనే. నీళ్లు తాగితే బాత్రూమ్‌కి లేవాలని నీళ్లే తగ్గించేశాను. లేచిన ప్రతిసారీ పని పోతోందని బాధ.

ఇంకోటి కూడా చెప్పాలి. పాత మెషిన్ కాలితో తొక్కేది. రెండు కాళ్లూ ఆడుతుండేవి, అలసిపోతే అవే ఆపించేవి. మోటారు బిగించాక పని జోరందుకుంది. కుడి పాదం మాత్రం పెడల్ మీద, మిగతా ఒళ్లంతా బిగుసుకుని, మెడ ముందుకి వంచి, గంటలకి గంటలు. అలుపు తెలియకపోవడం సుఖమనుకున్నాను.

సెప్టెంబరులో నడుము పట్టేసేది. రాత్రి నువ్వుల నూనె రాసి వేడి కాపడం పెట్టుకునేదాన్ని. ఆ తర్వాత కుడి పిరుదులోంచి పిక్క దాకా లాగడం మొదలైంది. మా అమ్మ చూసి, "ఏటే, అలా ఒంకరగా నడస్తన్నావు? కూసేపు పడుకోవే" అంది. సిరిమాను అయ్యాక పడుకుంటానన్నాను. ఊళ్లో ఒకాయన దగ్గరికి వెళ్తే నరం తప్పిందని కాలు పట్టి గుంజి, రెండు ఇంజెక్షన్లు ఇచ్చాడు. రెండు రోజులు హాయిగా ఉంది. ఆ రెండు రోజుల్లో తొమ్మిది బ్లౌజులు కుట్టాను.

అక్టోబరు 24 పొద్దున్న కింద పడిన కత్తెర తీసుకుందామని వంగాను. నడుములోంచి కాలి చిటికెన వేలి దాకా కరెంటు షాకు కొట్టినట్టయింది. లేవలేకపోయాను. తుమ్ము వస్తే ప్రాణం పోయినంత పని. చిటికెన వేలు, పాదం బయటి అంచు మొద్దుబారిపోయాయి. గీరినా తెలియడం లేదు.

ఎముకల డాక్టరు గారు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తారు. సగం కూడా లేవకముందే అరిచేశాను. మునివేళ్ల మీద నడవమంటే కుడి కాలు సరిగ్గా లేవలేదు. ఎంఆర్ఐలో నడుము చివరి పూసకీ, దాని కింది త్రికం ఎముకకీ మధ్య ఉండే డిస్కు బయటికి పొంగి నరాన్ని నొక్కుతోందని తేలింది. ఆ చోటుని ఎల్ఫైవ్ ఎస్‌వన్ అన్నారు. ఆపరేషన్ అనగానే ఏడ్చాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా అడిగారు. మూత్రం పట్టు తప్పుతోందా, కూర్చునే చోట స్పర్శ పోయిందా, పాదం వేలాడుతోందా అని. లేదన్నాను. "అవి వస్తే రాత్రయినా సరే వెంటనే రావాలి. లేకపోతే ఎక్కువమందికి కత్తి పెట్టకుండానే ఒకటి రెండు నెలల్లో తగ్గుతుందమ్మా" అన్నారు. ఈ మూడు ప్రశ్నలూ నడుం నొప్పి ఉన్న ప్రతివాళ్లూ గుర్తు పెట్టుకోవాలని నా కోరిక. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మంచం దిగకుండా ఉంటే నయమవుతుందని నాకు నేనే అనుకుని పది రోజులు కదలకుండా పడుకున్నాను. ఇంకా బిగుసుకుపోయింది. నవంబరు మొదట్లో ఫిజియోథెరపీకి వెళ్తే ఆ అమ్మాయి, "ఎవరు చెప్పారండీ ఇన్ని రోజులు పడుకోమని?" అని అడిగింది. ఆ అమ్మాయి చెప్పిన మాటే నన్ను మార్చింది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుకి పెద్దయ్యాక సొంతంగా రక్తనాళాలు ఉండవట. చుట్టుపక్కల నుంచి ఊరి దానికి తిండి అందాలి. మనం లేస్తూ, నడుస్తూ, వంగుతూ ఉంటేనే ఆ రాకపోకలు బాగా సాగుతాయి. ముందుకి వంగి కూర్చుంటే నిలబడినప్పటికంటే దాని మీద ఒత్తిడి ఎక్కువ. పూటంతా అలాగే కూర్చోవడం, పదిరోజులు పడి ఉండడం, రెండూ దానికి చేటే.

బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపడం నేర్పింది. "నొప్పి పిక్కలోంచి నడుముకి వచ్చేస్తే మంచిదే, భయపడకండి. కిందకి దిగితే మాత్రం ఆపేయండి" అంది. మూడో వారంలో నొప్పి నిజంగానే పిక్క వదిలి తొడకి, తొడ వదిలి నడుముకి వచ్చింది. నడుం నొప్పి వచ్చినందుకు అంత సంతోషపడిన రోజు నాకు ఇంకోటి లేదు.

సంక్రాంతి ఆర్డర్లన్నీ వదిలేశాను. ఫిబ్రవరిలో మళ్లీ మెషిన్ దగ్గరికి వెళ్తానంటే డాక్టరు గారు ఒకటే షరతు పెట్టారు. అరగంటకి మించి ఒక్క ఊపున కూర్చోకూడదు.

ఇది చెప్పినంత తేలిక కాదు. ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. అలారం మోగే సమయానికి చంకభాగం అతుకుతూ ఉంటాను, చెయ్యి సగంలో ఉంటుంది. "ఇదొక్కటీ" అని అలారం ఆపేస్తాను. ఆ ఒక్కటీ గంటన్నర అవుతుంది. వారం తిరిగేసరికి పిక్క మళ్లీ లాగింది. భయం వేసింది.

మా నాన్న జూట్ మిల్లులో పనిచేశారు. ఆ రోజుల్లో భోజనానికి కూత వేసేవారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వకుండా ఐదు గంటలు దాటి పని చేయించకూడదని రాశారని నాన్న చెప్పేవారు. "ఆ కూత అడిగి తెచ్చుకున్నది తల్లీ, ఊరికే రాలేదు" అనేవారు. ఇంట్లో కుట్టుకునే నాకు ఏ కూతా లేదు. నన్ను లేపే మేస్త్రీ లేడు. నాతో పాటు లేచే మనిషి లేదు. చాప మీద పడుకున్న రోజుల్లో ఆ మాట చాలాసార్లు గుర్తొచ్చింది.

ఉపాయం మెషిన్‌లోనే దొరికింది. బాబిన్‌లో, అంటే అడుగు దారం చుట్టుకునే చిన్న చక్రంలో, దారం అయిపోతే మెషిన్ ఆగదు. సూది పై దారంతో బట్టని పొడుచుకుంటూ పోతూనే ఉంటుంది. తిప్పి చూస్తే కుట్టు ఉండదు, వరసగా చిల్లులు మాత్రం ఉంటాయి. అప్పుడు ఎంత తొందరున్నా లేవక తప్పదు. నేను ఇదివరకు లేవాల్సి వస్తుందనే నాలుగైదు బాబిన్లు నిండా చుట్టి పక్కన పెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కటే చుట్టుకుంటాను, అదీ సగానికి తక్కువ. గడియారం పెట్టి చూశాను, లైనింగ్ బ్లౌజు మీద 30 నిమిషాలు అటూ ఇటూ వస్తుంది. దారపు ఉండల డబ్బా మెషిన్ పక్కనుంచి తీసి గుమ్మం దగ్గర అలమారలో పెట్టాను. చుట్టుకోవాలంటే నడవాలి.

దారం అయిపోగానే లేస్తాను. రెండు చేతులూ నడుము మీద పెట్టి ఐదారుసార్లు వెనక్కి వంగుతాను. గుమ్మంలో నిలబడి గ్లాసు నీళ్లు తాగుతాను. వీధి చివర వేపచెట్టు ఉంది. నల్లబట్ట మీద నల్లదారం చూసి చూసి మంట పుట్టిన కళ్లని దాని మీద కాసేపు నిలుపుతాను. అది గాలికి ఎలా ఊగుతుందో ఈ పంతొమ్మిదేళ్ల కుట్టుపనిలో నేను చూడలేదు. ఫోన్ మాత్రం ముట్టను. ఫోన్ చూస్తే మెడ మళ్లీ అదే వంపు తిరుగుతుంది, అది విశ్రాంతి అనిపించుకోదు. మొత్తం మూడు నాలుగు నిమిషాలు. మధ్యాహ్నం అన్నం మాత్రం లోపల, మా ఆయనతో కూర్చుని తింటాను.

రోజుకి ఒక బ్లౌజు తగ్గుతుందని లెక్కేసుకున్నాను. అంత తగ్గలేదు. సాయంత్రం వేళ విప్పి మళ్లీ కుట్టడాలు పోయాయి కదా, వాటికే బోలెడు టైం పట్టేది. రాత్రి ఎనిమిదికి లైటు ఆపేస్తాను. కొంతమంది కస్టమర్లు వేరే చోటికి వెళ్లారు. ఆ నష్టం ఉంది, లేదనను.

2024 అక్టోబరు 15న సిరిమాను చూడటానికి నా కాళ్లతో నేను నడిచి వెళ్లాను. చింతమాను కొసన పూజారి గారు కూర్చుని, కోట వైపు కదిలినప్పుడు జనం మధ్య నిలబడి దండం పెట్టుకున్నాను. గంట పైగా నిలబడ్డాను. చిటికెన వేలు ఇప్పటికీ చలిరోజుల్లో కాస్త మొద్దుగా ఉంటుంది, అది ఉండిపోవచ్చని డాక్టరు గారు చెప్పారు.

నా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు పని నేర్చుకుంటున్నారు. మొన్న ఒక గుంట తొందరగా ఇంటికి పోదామని బాబిన్ నిండా బిగించి చుట్టుకుంది. "ఒక్కరోజే కదక్కా" అంది. నేను కేసులోంచి బాబిన్ తీసి, సగం దారం విప్పించాను. విప్పిన దారం చేతికి చుట్టుకుని గుమ్మం దాకా నడిచింది.